యాక్సిడెంట్ కేసు: నష్టపరిహారం చేతికి రావడానికి మూడేళ్ళు (నా అనుభవం)

2025 నవంబర్ మొదటి వారంలో నష్టపరిహారం డబ్బు నా ఖాతాలో పడింది. మమ్మల్ని కారు గుద్దింది 2022 నవంబర్ 13న. ఈ మూడేళ్ళలో ఏ కాగితం ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ ఎంతకాలం ఆగాల్సి వచ్చిందో గుర్తున్నంతవరకు రాస్తున్నాను. అప్పట్లో మాకు ఇవన్నీ విడమరిచి చెప్పినవాళ్ళు లేరు. ఆసుపత్రి మంచం దగ్గరికి వచ్చి సలహాలిచ్చిన వాళ్ళలో చాలామందికి మా వల్ల ఏదో ఒక లాభం కావాలి.

నేను తెనాలిలో ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. లైనింగ్ జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, పండగలొస్తే పిల్లల లంగాలు. అప్పటికి నాకు 38 ఏళ్ళు. కార్తీకమాసం ఆదివారం కదా అని కోటప్పకొండ వెళ్ళి, బైక్ మీద తిరిగి వస్తున్నాం. చిలకలూరిపేట దాటి హైవే మీద గుంటూరు వైపు వస్తుంటే ఎదురుగా రాంగ్ రూట్‌లో కారు వచ్చింది. అవతలి వైపుకి తిరగాలంటే ముందుకు చాలా దూరం వెళ్ళాలని, దగ్గర దారి అనుకుని రోడ్డు అంచున ఎదురు వచ్చేశాడు. మా వారు పక్కకి తిప్పారు, అయినా కారు ముందు భాగం తగిలి ఇద్దరం పడ్డాం. ఇద్దరికీ హెల్మెట్లు ఉన్నాయి. నా హెల్మెట్ ఒకవైపు పగిలిపోయింది, తలకి మాత్రం గీత పడలేదు. వెనక కూర్చునే ఆడవాళ్ళు హెల్మెట్ పెట్టుకుంటే జడ పాడవుతుందని, పూలు నలుగుతాయని అంటుంటారు కదా, వాళ్ళకి నేను ఆ పగిలిన హెల్మెట్ చూపిస్తాను, ఇంకా ఇంట్లోనే ఉంది.

మమ్మల్ని ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళినతను పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. పోలీసులు పిలుస్తారని భయపడ్డాడట. గాయపడినవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళు పేరు, ఫోన్ నంబరు ఇవ్వక్కర్లేదని, వాళ్ళ మీద కేసు పెట్టకూడదని మోటారు వాహనాల చట్టంలోనే 134ఏ సెక్షన్ ఉందని నాకు తర్వాత తెలిసింది. ఆయనకి తెలిసి ఉంటే కాసేపు ఆగేవాడేమో, మా వారు కనీసం దండం పెట్టి ఉండేవారు.

నాకు కుడి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. మోకాలికి దెబ్బ, అది నయమైంది. మా వారికి పక్కటెముకల దగ్గర వాపు, చేతులకి గీరుకుపోయిన గాయాలు. మేం చేరిన ఆసుపత్రికి ఆరోగ్యశ్రీ లేదు. అప్పుడున్న కంగారులో ఎక్కడ చేర్చుకుంటే అక్కడ చేరతాం కదా. ఆపరేషన్, మందులు, తర్వాత ఫిజియోథెరపీ అన్నీ కలిపి బిల్లులున్నవే 1,62,000 రూపాయలు. అందులో సగం పైన అప్పు చేసి కట్టినవే.

అక్కడ జరిగిన ఒక చిన్న విషయం రెండేళ్ళ తర్వాత కోర్టులో పెద్దదైంది. క్యాజువాలిటీలో రాసుకున్న మొదటి కాగితంలో "బైక్ మీద నుంచి పడ్డారు" అని రాశారు. కారు గుద్దిన సంగతి లేదు. అంత నొప్పిలో వాళ్ళేం రాస్తున్నారో ఎవరు చూస్తారు? అదృష్టం కొద్దీ ఆసుపత్రి నుంచి పోలీసులకి పంపిన మెడికో లీగల్ సమాచారంలో కారు గుద్దినట్టు ఉంది, అదే తర్వాత మమ్మల్ని కాపాడింది. మీ వాళ్ళకి ఇలాంటిది జరిగితే వెంట ఉన్నవాళ్ళు ఎవరైనా ఆ మొదటి కాగితం చదివి, తప్పుంటే అప్పుడే దిద్దించండి. పేరు కూడా ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. నా పేరు డిశ్చార్జ్ కాగితంలో ఇంటిపేరు లేకుండా ఒకలా, బిల్లుల్లో ఇంకోలా పడింది. రెండూ ఒకరివే అని అఫిడవిట్ వేయాల్సి వచ్చింది.

మర్నాడు, నవంబర్ 14న, మా వారు మా అన్నయ్యని వెంటబెట్టుకుని ప్రమాదం జరిగిన చోటి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చారు. ఐపీసీ 279, 338 కింద ఎఫ్ఐఆర్ అయింది (ఇప్పుడైతే భారతీయ న్యాయ సంహితలో 281, 125 సెక్షన్లు వస్తాయి). ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకి ఊరికే ఇవ్వాలి, మాకు ఇచ్చారు. ఆ సాయంత్రమే కారు వాళ్ళ బంధువులు ఇద్దరు పళ్ళు పట్టుకుని ఆసుపత్రికి వచ్చారు. "కేసెందుకమ్మా, తిరగలేక చస్తారు, 30,000 ఇస్తాం, రాజీ కాగితం మీద సంతకం పెట్టండి" అన్నారు. ఆ రోజు కౌంటర్‌లో కట్టాల్సిన డబ్బు మా దగ్గర లేదు. మా వారు మెత్తబడ్డారు. అన్నయ్య ఒక్కడే గట్టిగా, "బావా, చెయ్యి ఎలా అవుతుందో డాక్టరే ఇంకా చెప్పలేదు, మనమెలా బేరం కుదుర్చుకుంటాం?" అన్నాడు. ఆ మాటతో ఆగాం. అన్నయ్యకి నేను రుణపడి ఉన్నాను.

ఆసుపత్రిలోనే ఒకాయన తనంతట తనే వచ్చి కేసు మొత్తం తను చూసుకుంటానని, వచ్చినదాంట్లో 20 శాతం ఇవ్వాలని, ఖాళీ కాగితాల మీద సంతకాలు, ఖాళీ చెక్కు కావాలని అడిగాడు. ఆయన లాయరా, లాయర్ తరఫు మనిషా అన్నది కూడా మాకు తెలియలేదు. వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. మేం ఒప్పుకోకపోవడానికి కారణం అది కాదు, అది అప్పటికి మాకు తెలీదు, ఖాళీ చెక్కు అనేసరికి భయమేసింది.

జనవరిలో కట్టు విప్పి ఫిజియోథెరపీ మొదలైంది. అప్పుడే నాకు అసలు సంగతి అర్థమైంది. మణికట్టు తిరగదు. గ్లాసు పట్టుకోగలను, కత్తెర పట్టుకోలేను. పట్టుకున్నా రెండు మడతల గుడ్డ మీద నొక్కితే మోచేతి దాకా నొప్పి. కుట్టడం మిషన్ చేస్తుంది, మోటారు ఉంది, కాలితో నొక్కితే చాలు. కటింగే చేతి పని, కటింగ్ రాని టైలర్‌కి జాకెట్లు ఎవరిస్తారు? ఆ రోజుల్లో ఏడో తరగతి చదివే మా అమ్మాయి తన జడ తనే వేసుకుని స్కూలుకి వెళ్ళేది. అత్తయ్య వంట చేసేవారు. నేను గదిలో కూర్చుని పాత ఆర్డర్ పుస్తకాలు తిరగేసేదాన్ని. ఒక్కో పేజీలో కొలతలు, గుడ్డముక్క గుండుసూదితో గుచ్చి, ఇచ్చే తారీకు, డబ్బులు. చూస్తుంటే ఏడుపొచ్చేది. ఆ పుస్తకాలే నా సంపాదనకి సాక్ష్యం అవుతాయని అప్పుడు తోచలేదు.

లాయర్ దొరికిన విధానం చెప్తాను. మా డ్వాక్రా గ్రూపులో ఒకావిడ, జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళమంది. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, చట్టంలోనే ఉంది. 15100 నంబరుకి ఫోన్ చేసినా చెప్తారు. ఫిబ్రవరిలో గుంటూరు వెళ్ళి అర్జీ పెట్టాం, కొద్ది రోజులకే ఒక లాయరమ్మని ఇచ్చారు. ఊరికే వచ్చే లాయర్ ఏం పట్టించుకుంటారులే అని చుట్టాలు అన్నారు, మా విషయంలో ఆ మాట పూర్తిగా తప్పు. ఆవిడ మొదటి రోజే రెండు విషయాలు చెప్పారు. ఒకటి, 2022 ఏప్రిల్ నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలనే గడువు వచ్చింది, చేయి పూర్తిగా బాగుపడేదాకా ఆగుదాం అనుకోవద్దు. రెండు, ప్రమాదం పల్నాడు జిల్లాలో జరిగినా మీరుండే చోట కేసు వేసుకోవచ్చు. ఈ రెండోది విని మాకు ప్రాణం లేచొచ్చింది. ప్రతి వాయిదాకి అంత దూరం పోవాలేమో అని దిగులు పడుతున్నాం అప్పటిదాకా.

ఎఫ్ఐఆర్, ప్రమాదం జరిగిన చోటి స్కెచ్, గాయాల సర్టిఫికెట్, బండ్లని తనిఖీ చేసే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి రిపోర్టు, ఛార్జిషీటు. ఇవి కావాలి. కొత్త రూల్స్ ప్రకారం పోలీసులే 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కి (యాక్సిడెంట్ నష్టపరిహారం కేసులు చూసే కోర్టుకి) పంపాలి. మా కేసులో స్టేషన్‌లో "యాప్‌లో ఎక్కించాం" అన్నారు, కాగితాలు మాత్రం మా వారు పని మానుకుని తిరిగి తెచ్చుకున్నవే. ఛార్జిషీటుకే మూడు నెలలు దాటింది. బిల్లుల విషయంలో ఒక హెచ్చరిక: మందుల షాపు బిల్లులు చాలావరకు ఆ నున్నటి కాగితం మీద వస్తాయి, ఎండాకాలం వచ్చేసరికి అక్షరాలు మాయమైపోతాయి. తెచ్చిన రోజే జిరాక్స్ తీయించి పెట్టండి. మావి కొన్ని తెల్లకాగితాలైపోతే షాపుకెళ్ళి మళ్ళీ రాయించుకుని ముద్ర వేయించుకున్నాం, ఒక షాపువాళ్ళు ఇవ్వనన్నారు.

ఉగాది వెళ్ళాక, 2023 మార్చి 27న పిటిషన్ వేశాం. 15 లక్షలు అడిగాం. ఎదుటి పక్షం ముగ్గురు: డ్రైవర్, ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ. ఇక్కడ కొత్త చిక్కు. కారు చేతులు మారింది, ఆర్సీ మాత్రం పాత ఓనరు పేరు మీదే ఉంది. చట్టం లెక్కలో ఆర్సీలో ఉన్న పేరే ఓనరు. ఆయనకి పంపిన నోటీసు ఆ అడ్రసులో లేరని తిరిగొచ్చింది, మళ్ళీ పంపితే మళ్ళీ తిరిగొచ్చింది. చివరికి పేపర్లో ప్రకటన వేయించాలన్నారు, ఆ ఖర్చు మాదే. ఇదంతా అయ్యేసరికి ఎండాకాలం సెలవులు కూడా కలిసి ఎనిమిది నెలలు పోయాయి. కారు అమ్మేసినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆర్సీ మార్పించండి. ఆ పెద్దాయన కూడా ఏ పాపం తెలియకుండా కోర్టు కాగితాల్లోకి ఎక్కాడు.

ఈలోగా డ్రైవర్ మీద క్రిమినల్ కేసు మేజిస్ట్రేట్ కోర్టులో తేలిపోయింది. నేరం ఒప్పుకుని జరిమానా కట్టి వెళ్ళిపోయాడు. జైలు వేయకుండా జరిమానాతో వదిలేస్తే 279కి వెయ్యి, 338కి వెయ్యి, అంతకు మించి వేయడానికి చట్టంలోనే లేదు. అది విన్న రోజు నాకు అన్నం సహించలేదు. నా చేయి విలువ రెండు వేలా అని రాత్రంతా అదే. లాయరమ్మ మాత్రం ఆ తీర్పు కాపీ తెప్పించండి అన్నారు. అతను తప్పు ఒప్పుకున్నాడని రాసి ఉన్న కాగితం మన కేసుకి బలం అని. నిజంగానే అయింది.

వైకల్యం సర్టిఫికెట్ కోసం మెడికల్ బోర్డుకి దరఖాస్తు చేస్తే పిలుపు రావడానికి మూడు నెలలు పట్టింది. చూసి 20 శాతం వైకల్యం అని ఇచ్చారు. 40 శాతం ఉంటేనే పెన్షన్లు గట్రా, ఇది దేనికి పనికొస్తుంది అనుకున్నాను. కేసంతా దీని మీదే తిరిగింది. ట్రిబ్యునల్ నష్టం ఎలా లెక్కేస్తుందంటే, నెల సంపాదనని ఏడాదికి చేసి, 40 ఏళ్ళలోపు సొంత పని చేసుకునేవాళ్ళకి ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపి, వయసుని బట్టి ఒక అంకెతో గుణిస్తారు. 36 నుంచి 40 ఏళ్ళ వాళ్ళకి ఆ అంకె 15. వచ్చినదాంట్లో వైకల్యం ఎంత శాతమో అంత ఇస్తారు. ఆ శాతం డాక్టర్ రాసిందే అవ్వాలని లేదు. ఆ దెబ్బ వల్ల ఆ మనిషి చేసే పనికి ఎంత దెబ్బ తగిలింది అనేదే చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2020లో చేయి పోయిన ఒక టైపిస్టు కేసులో కూడా అదే మాట. అంటే ఒకే మణికట్టు దెబ్బ, పాఠాలు చెప్పే టీచరుకి ఒక లెక్క, బట్టలు కత్తిరించే నాకు ఒక లెక్క. దాన్ని మనమే చూపించాలి. కోర్టు తనంతట తను ఊహించుకోదు.

2024 వేసవిలో ఒకరోజు ఎవరో ఒకాయన జాకెట్ ముక్కలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు, తన భార్యకి అర్జంటుగా కుట్టాలన్నాడు. నేను కటింగ్ చేయడం లేదని, ఫాల్స్, హుక్కులు మాత్రం కుడుతున్నానని ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాత తెలిసింది, ఇన్సూరెన్స్ వాళ్ళ తరఫున విచారణకి వచ్చిన మనిషి. అప్పట్నుంచి ఎవరొచ్చినా టెన్షన్. అయినా దాచడానికేం లేదు కాబట్టి ఇబ్బంది కాలేదు.

సెప్టెంబర్ 14న జాతీయ లోక్ అదాలత్‌లో (రాజీతో కేసులు తేల్చే చోట) మా కేసు పెట్టారు. కంపెనీ అన్నీ కలిపి 4,25,000 ఇస్తామంది. ఒప్పుకుంటే ఆ రోజే తేలిపోతుంది, తర్వాత అప్పీలు ఉండదు. వడ్డీకి తెచ్చిన అప్పు తలమీద ఉంది. బయట వేపచెట్టు కింద నిలబడి గంటసేపు మాట్లాడుకున్నాం. లాయరమ్మ తీసుకోమనీ, వద్దనీ అనలేదు. 20 శాతం లెక్కన వస్తే ఎంత, ఇంకాస్త ఎక్కువ ఒప్పుకుంటే ఎంత, ఎంతకాలం పట్టొచ్చు, ఇవి కాగితం మీద వేసి చూపించి నిర్ణయం నాకు వదిలేశారు. నేను వద్దన్నాను. లోక్ అదాలత్ చెడ్డదని కాదు, చిన్న దెబ్బలైతే అక్కడే తేల్చుకోవడం మేలు. ఇది నా జీవితాంతం చేయాల్సిన పనికి సంబంధించింది.

కంపెనీ లాయర్ నన్ను ఎదురు ప్రశ్నలు (క్రాస్) అడిగింది ఆ నవంబర్‌లో. అంతకంటే మా వారిని అడిగినప్పుడు కూర్చుని వినడం కష్టమైంది. "మీరే వేగంగా వచ్చి అదుపు తప్పి పడ్డారు, కారు గుద్దలేదు, ఆసుపత్రి కాగితంలో పడ్డారనే ఉంది" అని ఒకే ప్రశ్న రకరకాలుగా అడిగారు. ఆయన ఇంటికొచ్చాక కూడా, "నేను ఇంకా నెమ్మదిగా వచ్చి ఉంటే" అంటూ ఉండిపోయారు. వెనక కూర్చున్న నాకు ఈ వాదన అంత అడ్డం కాదని లాయరమ్మ చెప్పారు, ఇద్దరు డ్రైవర్లదీ తప్పని తేలినా వెనక కూర్చున్నవాళ్ళు ఏ ఒక్కరి దగ్గరైనా మొత్తం అడగొచ్చట. కారు ముందు బంపర్ దెబ్బతిన్నట్టు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, పోలీసులకి వెళ్ళిన సమాచారం, నేరం ఒప్పుకున్న తీర్పు, ఈ మూడూ చూపించాక ఆ వాదన నిలవలేదు.

డాక్టర్ గారి సాక్ష్యం ఆయన తీరిక చూసుకుని అడ్వొకేట్ కమిషనర్‌ని (సాక్ష్యం రాసుకోవడానికి కోర్టు పంపే లాయర్‌ని) పంపి ఆసుపత్రిలోనే తీసుకున్నారు, ఆ ఖర్చు మాదే. లాయరమ్మ నా కటింగ్ కత్తెర తెమ్మన్నారు. డాక్టర్ గారి చేతికిచ్చి, ఈ బరువున్న కత్తెరతో ఈవిడ రోజంతా గుడ్డ కోయగలరా అని అడిగారు. ఆయన దాన్ని అటూ ఇటూ చూసి, కాసేపైతే కోయగలరు, రోజంతా పనిగా చేయలేరు, పట్టు తగ్గింది, మణికట్టు తిరగడం తగ్గింది అని చెప్పారు. అది రికార్డయింది. ప్లేటు తీయడానికి మళ్ళీ ఆపరేషన్ అవుతుందని కూడా చెప్పించారు. అడక్కపోతే అది రాదు.

సంపాదనకి నా ఆర్డర్ పుస్తకాలు, డ్వాక్రా లోన్‌తో మిషన్ కొన్న బిల్లు, బ్యాంకు పాస్‌బుక్, ఒక పాత కస్టమర్ సాక్ష్యం పెట్టాం. ఫోన్‌పే డబ్బులన్నీ మా వారి నంబరుకి పడేవి కాబట్టి అవి నావని చూపించలేకపోయాం. నెలకి 15,000 అన్నాం. 2025 ఫిబ్రవరికి సాక్ష్యాలు అయ్యాయి. జడ్జిగారు బదిలీ అయ్యారు, కొత్తవారు వచ్చాక మళ్ళీ వాదనలు విన్నారు.

జూలైలో తీర్పు వచ్చింది. సంపాదన నెలకి 9,000 అని తీసుకున్నారు. అది నాకు బాధే, పండగ నెలల్లో అంతకు రెట్టింపు వచ్చేది. కానీ వైకల్యం 20 శాతం కాదు, టైలర్ పనికి 30 శాతం అని రాశారు. దాంతో ఆ ఒక్క పద్దు కిందే 4,53,600 రావాల్సింది 6,80,400 అయింది. బిల్లులు 1,62,000 మొత్తం ఇచ్చారు. ఆరు నెలలు పనిలేనందుకు 54,000, నొప్పి, బాధకి 60,000, తోడు మనిషి, ప్రయాణాలు, తిండికి 30,000, ప్లేటు తీయడానికి 30,000. మొత్తం 10,16,400, పిటిషన్ వేసిన రోజు నుంచి ఏడాదికి 7.5 శాతం వడ్డీ. తీర్పులో నేను మూడుసార్లు చదువుకున్న వాక్యం ఆ 30 శాతం గురించిందే. చేయి చూసి కాకుండా పని చూసి లెక్కేశారు.

నెలలోపు జమ చేయాలని తీర్పులో ఉంది. కంపెనీ అప్పీలుకి వెళ్తుందేమోనని మరో రెండు నెలలు నిద్రలేదు, 90 రోజులు వాళ్ళకి టైముంది. వెళ్ళలేదు. అక్టోబర్‌లో జమ చేశారు. పాస్‌బుక్, పాన్, ఆధార్ కాపీలతో మళ్ళీ ఒక పిటిషన్ వేస్తే నా ఖాతాకి వచ్చింది. సగం రెండేళ్ళ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టమన్నారు, కోర్టు అనుమతి లేకుండా దాని మీద లోన్ కూడా తీసుకోకూడదు. మిగతా సగంతో అప్పులు తీరాయి. నాకిప్పుడు కటింగ్‌కి ఒక అమ్మాయి వస్తుంది, కొలతలు, డిజైన్ నావి, కత్తెర తనది.

చివర్లో తగిలిన విషయం వడ్డీ మీద పన్ను. 2025లో ఉన్న రూల్ ప్రకారం వడ్డీ 50,000 దాటితే కంపెనీ టీడీఎస్ (ముందే పన్ను) పట్టుకునేది, పాన్ ఇస్తే 10 శాతం, ఇవ్వకపోతే 20. నాకు వడ్డీ 1,97,000 దాకా వచ్చింది, దాదాపు 20,000 పట్టుకున్నారు. నా ఆదాయానికి పన్ను పడదు కాబట్టి రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుందట. కంపెనీ నుంచి ఫారం 16ఏ (పన్ను పట్టుకున్నట్టు ఇచ్చే సర్టిఫికెట్) అడిగి తీసుకోవాలి, వాళ్ళంతట వాళ్ళు పంపలేదు, మొన్ననే మెయిల్ పెట్టాం. ఏప్రిల్ తర్వాత రిటర్న్ వేయాలి.